పళ్లెంలో వాటాలు మారితే కండ: ఖరిదా నుంచి కొన్ని విశేషాలు

ఎలుకలకు మన భోజనం

దేశంలో ఏ ప్రాంతం తిండి ఒంటికి బాగా పడుతుందో తేల్చడానికి ఒకప్పుడు ఎలుకలకు ఆయా ప్రాంతాల భోజనం పెట్టి పెంచారని మీకు తెలుసా? నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు ఆ పని చేశారు. ఒక గుంపుకు సిక్కుల తిండి పెట్టారు. మిగతా గుంపులకు పఠాన్లది, మరాఠాలది, గూర్ఖాలది, కన్నడిగులది, బెంగాలీలది, మద్రాసీలది పెట్టారు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చి కూరలు తిన్న సిక్కు గుంపు అన్నిటికన్నా ఏపుగా పెరిగింది. చిట్టచివరి రెండు స్థానాలు బెంగాలీ తిండికీ, మద్రాసీ తిండికీ దక్కాయి. ఆ రోజుల్లో విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. శ్రీకాకుళం వంటను వెంట తెచ్చుకుని బెంగాలీ బజారులో సరుకులు కొనుక్కునే, పశ్చిమ బెంగాల్ ఖరగ్‌పూర్‌లోని ఖరిదా తెలుగు కుటుంబం ఆ పట్టికలో ఎక్కడ పడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

లోపం మనుషుల్లో లేదు. తెల్లబియ్యం పళ్లెమంతా ఆక్రమించి, పాలూ పప్పూ ఆకుకూరా అంచుకు జరిగిపోవడమే లోపం. 1918లో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు కూనూరులో మొదలైన ఆ చిన్న ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. ఇప్పుడు దేశం మొత్తానికీ ఏమి తినాలో చెప్పేది ఆ సంస్థే.

తాతగారి గిన్నె

తూర్పు తీరం వెంట వేసిన రైలు దారిలో ఉత్తర భాగాన్ని, కటక్ వరకు, 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ తీసుకుంది. ఆ కంపెనీ పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి మనవాళ్లు ఖరగ్‌పూర్ చేరింది ఆ పట్టాల మీదే. ఖరిదా, మథురాకాటి, నింపురా, మలంచా వంటి చోట్ల స్థిరపడ్డారు. వాళ్ల సంఖ్యా బలం ఎంతటిదంటే, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది.

మొదట వచ్చినవాళ్లది ఒళ్లు వంచే పని. సమ్మెట పట్టుకోవాలి, కొలిమి దగ్గర నిలబడాలి, ఇనుము ఎత్తాలి, దించాలి. అలాంటి మనిషికి గిన్నెడు అన్నం కావాల్సిందే. సాయంత్రానికి అదంతా ఖర్చయిపోయేది. ఇవాళ మనవలు కంప్యూటరు ముందో, కౌంటరు దగ్గరో, కోచింగ్ సెంటరులోనో కూర్చుంటున్నారు. గిన్నె మాత్రం తాతగారిదే. ఖరిదాలో పాతికేళ్లకే పొట్టలు రావడానికి అసలు కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. 2025లో వెలువడిన ఒక జాతీయ సర్వే ప్రకారం మన దేశస్థులకు రోజూ అందే శక్తిలో 62 శాతం అన్నం, గోధుమ, చక్కెర వంటి పిండిపదార్థాల నుంచే వస్తోంది. మాంసకృత్తుల వాటా 12 శాతం దగ్గరే ఆగిపోయింది.

జిమ్‌లో చేరిన కుర్రాళ్లందరి కోరికా ఒకటే: కండ రావాలి, పొట్ట రాకూడదు. మేనమామో, జిమ్‌లో సీనియరో చెప్పే సలహా కూడా ఒకటే: బాగా తిను. ఆ సలహా సగమే నిజం. మిగతా సగం కింద చెబుతాను.

ఆమదాలవలస అమ్మాయి

బరువు పెరగడం వేరు, బలం పెరగడం వేరు అని తెలుసుకోవడానికి కరణం మల్లీశ్వరి కన్నా మంచి ఉదాహరణ తెలుగునాట లేదు. ఆమెది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. ఖరగ్‌పూర్ నుంచి మద్రాసు వైపు వెళ్లే బండ్లు ఆగే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలోనే. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర ఆమె బరువులు ఎత్తడం నేర్చుకున్నారు.

1994, 1995 ప్రపంచ పోటీల్లో ఆమె బంగారు పతకాలు గెలిచింది 54 కిలోల విభాగంలో. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది 63 కిలోల విభాగంలో. 2000లో సిడ్నీలో కాంస్యం అందుకుని, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది 69 కిలోల విభాగంలో. అక్కడ స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. స్వర్ణం గెలిచినామె ఎత్తింది 242.5.

వెయిట్‌లిఫ్టింగ్‌లో విభాగం మారితే ప్రత్యర్థులు కూడా బరువైనవాళ్లే వస్తారు. పెరిగిన కిలోలు కొవ్వు అయితే ఆ బరువును ఒంటి మీద మోసుకుంటూ ఓడిపోవాల్సి వస్తుంది. పెరిగిన ప్రతి కిలో ఇనుమును పైకి నెట్టగలిగితేనే విభాగం మారడానికి అర్థం ఉంటుంది. జిమ్‌లో తూకం మిషను ఎక్కి రెండు కిలోలు పెరిగానని సంబరపడే తమ్ముళ్లు, ఆ నెలలో ఎత్తగలిగిన బరువు కూడా పెరిగిందో లేదో పక్కనే రాసుకోవాలి. తూకం పెరిగి ఎత్తే బరువు పెరగకపోతే ఆ రెండు కిలోలు ఎక్కడ చేరాయో నడుము చెబుతుంది.

ఎక్కువ తింటే ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన ప్రయోగాల్లో అమెరికాలోని లూసియానాలో జరిగినది నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. 2012లో ప్రచురించారు. పాతికమందిని పరిశోధనశాలలోనే ఉంచి, వాళ్ల అవసరం కన్నా రోజుకు 950 కేలరీల దాకా ఎక్కువగా 8 వారాలు తినిపించారు. తేడా మాంసకృత్తుల్లో మాత్రమే. ఒక గుంపుకు మొత్తం శక్తిలో 5 శాతం, రెండో గుంపుకు 15 శాతం, మూడో గుంపుకు 25 శాతం. ఒంటికి చేరిన కొవ్వు మూడు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకటే. కానీ మాంసకృత్తులు తక్కువ తిన్నవాళ్లకు కొవ్వు కాని బరువు 0.7 కిలో తగ్గిపోయింది. మిగతా రెండు గుంపులకు మూడేసి కిలోల దగ్గరగా పెరిగింది.

ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది: అదనపు కేలరీ ఎలా వచ్చినా కొవ్వుగా మారడానికి సిద్ధంగానే ఉంటుంది. రెండోది: మాంసకృత్తులు చాలకుండా కడుపు నిండా తినేవాళ్లకు పొట్ట పెరుగుతూనే కండ కరిగిపోవచ్చు. కంచం నిండా అన్నం, పైన పలుచని చారు, పక్కన ఆలూ వేపుడు తిని "బాగా తిన్నాం" అనుకునేవాళ్లందరికీ ఈ రెండో సంగతి వినిపించాలని నా ఆరాటం.

మరి వ్యాయామం చేసేవాళ్ల మాటేమిటి? నార్వేలో ఉన్నత స్థాయి క్రీడాకారుల మీద జరిగిన ప్రయోగం 2013లో అచ్చయింది. బరువులతో సాధన అందరికీ ఒకటే. ఒక గుంపు లెక్క ప్రకారం ఎక్కువ తిన్నది, ఇంకో గుంపు తనకు తోచినట్టు తిన్నది. ఎక్కువ తిన్నవాళ్లకు కండ సగటున 1.7 కిలో వచ్చింది, రెండో గుంపుకు 1.2. గణాంక శాస్త్రం ప్రకారం అది చెప్పుకోదగ్గ తేడా కాదు. కొవ్వు మాత్రం మొదటి గుంపుకు 1.1 కిలో చేరితే, రెండో గుంపుకు 0.2 కిలో మాత్రమే.

కెనడాలో ఒకే పోలిక కవలలు 12 జంటలకు వంద రోజుల్లో 84 రోజులు, రోజుకు 1000 కేలరీలు ఎక్కువ పెట్టి చూశారు. కొందరు 4 కిలోలు పెరిగితే కొందరు 13 కిలోలు పెరిగారు. ఒక జంటలో ఇద్దరూ మాత్రం దగ్గరదగ్గరగానే పెరిగారు. పక్కింటి కుర్రాడికి పనిచేసిన తిండి పట్టిక మీకు పనిచేయకపోతే దిగులుపడకండి, అది మీ తప్పు కాదు.

సన్నగా కనిపించే కొవ్వు

పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తును బట్టి బరువును లెక్కించే కొలత (బీఎంఐ) ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. భారతీయుల ఒళ్లు చూపుకు సన్నగా ఉన్నా లోపల కొవ్వు దాచుకుంటుందని ప్రపంచానికి చెప్పిన ఫోటో అది. అందుకే మనకు అధిక బరువు గీత 25 దగ్గర కాకుండా 23 దగ్గరే గీశారు. మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ల నడుము 80 దాటితే జాగ్రత్త పడాలన్నారు. "నాకేం, సన్నగా ఉన్నాను, ఏదైనా తినొచ్చు" అనే కుర్రాడు ముందు నడుము కొలుచుకోవాలి.

భీమవరం నుంచి కండ లోపలికి

జిమ్‌కు వెళ్లే కుర్రాళ్ల నోట క్రియాటిన్ అనే మాట వినని రోజుండదు. కండలో ఆ పదార్థం ఫాస్ఫేటుతో కలిసి ఎలా నిల్వ ఉంటుందో కనిపెట్టినవారిలో ఒకరు తెలుగువారని ఎంతమందికి తెలుసు? ఆయన యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించారు. 1929లో ఏటీపీ గురించి ప్రకటించారు. జీవకణాలన్నిటినీ నడిపించే శక్తి అదే. బరువు ఎత్తే మొదటి కొన్ని సెకన్లలో ఏటీపీ ఖర్చవుతుంటే దాన్ని తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటినే. ఇంత పని చేసిన మనిషి ఫోటో మన జిమ్ గోడల మీద ఒక్కటైనా ఉండాలి. విదేశీ కండల వీరుల పోస్టర్ల నడుమ ఆయనకు చోటు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

క్రియాటిన్ మాంసంలోనూ చేపల్లోనూ సహజంగా ఉంటుంది. పొడిగా వాడేవాళ్లకు రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. వాడిన మొదటి వారాల్లో కిలో దాకా బరువు పెరగొచ్చు, అది కండలో చేరే నీరు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా దాని జోలికి పోకూడదు. అన్నం ఎక్కువ తిన్న మర్నాడు తూకం పెరగడం కూడా ఇలాంటిదే. ఒంట్లో నిల్వయ్యే ప్రతి గ్రాము పిండిపదార్థం దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుంటుంది. ఒక్క రోజు తూకం చూసి సంతోషించడానికీ లేదు, భయపడడానికీ లేదు.

చద్దన్నం, విశ్వశ్రీ

కలకత్తాలో మనోహర్ ఐచ్ అనే కండల వీరుడు ఉండేవారు. ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. బ్రిటిష్ కాలంలో ఒక తెల్ల అధికారిని కొట్టి జైలుకు వెళ్లారు, జైల్లోనే గంటల తరబడి సాధన చేశారు. 1952లో మిస్టర్ యూనివర్స్ (బెంగాలీలో విశ్వశ్రీ) పోటీలో తన విభాగంలో గెలిచారు. అంతకు ముందు ఏడాది గెలిచిన మనోతోష్ రాయ్ కూడా బెంగాలీయే. ఐచ్ 104 ఏళ్లు బతికి 2016లో కన్నుమూశారు. ఆయన పళ్లెంలో అన్నం, పప్పు, చేప, కూరలు, పండ్లు, పాలు ఉండేవి. డబ్బా పొడులు ఉండేవి కావు. నీళ్లలో నానిన అన్నం, అంటే పాంతా భాత్, ఆయన బలానికి మూలమని బెంగాల్‌లో చెప్పుకుంటారు.

మన ఇళ్లలో చద్దన్నం తిన్న తరానికి ఈ మాట ఇంపుగానే ఉంటుంది. నాకూ చద్దన్నం ఇష్టమే. అయినా ఒక నిజం చెప్పాలి. రాత్రంతా నానితే అన్నం పులుస్తుంది, కడుపుకు చల్లగా ఉంటుంది, అంతే తప్ప అందులో మాంసకృత్తులు పెరగవు. వండిన అన్నం వంద గ్రాముల్లో ఉండేది రెండున్నర గ్రాములే. చద్దన్నంలో గడ్డపెరుగు కలిపి, పక్కన ఉడికించిన గుడ్డో, గుప్పెడు గుగ్గిళ్లో, ఎండు నెత్తళ్ల వేపుడో పెట్టుకుంటే అప్పుడు అది కండ కట్టే భోజనం. ఎండు చేపలో మాంసకృత్తులు దండిగా ఉంటాయి, ఉప్పు కూడా దండిగానే ఉంటుంది. రక్తపోటు ఉన్న ఇంట్లో బాగా కడిగి, కొద్దిగానే వాడాలి.

కొల్లేరు నుంచి ఖరిదాకు

బెంగాలీలు అమితంగా ఇష్టపడే రుయీ, కాత్లా చేపలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆంధ్రా నుంచి కూడా పెద్ద ఎత్తున వస్తాయి. ఆకివీడు, కైకలూరు, భీమవరం ప్రాంతాల చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలను ఐసులో పెట్టి లారీల్లో హౌరాకు పంపుతారు. ఖరిదా బజారులో మీరు బేరమాడే చేప కూడా మీలాగే ఆంధ్రా నుంచి వచ్చినదై ఉండవచ్చు.

వంద గ్రాముల శీలావతి ముక్కలో 17 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, కొవ్వు కొద్దిగానే. కండ కావాలి, కొవ్వు వద్దు అనేవాళ్లకు ఇంతకన్నా చేరువలో ఉన్న వస్తువు లేదు. చిక్కంతా బాణలిలోనే వస్తుంది. పెద్ద చెంచాడు ఆవనూనెలో 120 కేలరీలుంటాయి. ముక్కలను ముందు నూనెలో ఎర్రగా వేయించి, మళ్లీ ఆ నూనెతోనే పులుసు పెడితే చేప ఇచ్చిన మేలు సగం పోతుంది. మన పద్ధతిలో చింతపండు పులుసులో పచ్చి ముక్కలే వేసి ఉడికిస్తే తక్కువ నూనెతో పని జరుగుతుంది. ఈ ఒక్క విషయంలో శ్రీకాకుళం చేపల పులుసుకే నా ఓటు.

సాయంత్రం ముర్రీ

మేదినీపూర్ ప్రాంతంలో సాయంత్రం అయితే ముర్రీ తినని ఇల్లుండదు. మరమరాలు తేలికైనవే, కానీ అవి కూడా బియ్యమే, వంద గ్రాముల్లో మాంసకృత్తులు 7 గ్రాములు. వాటితో ఆలూ చాప్ తింటే పిండి మీద పిండి, పైన నూనె. అదే ముర్రీ మీద ఘుగ్ని వేసుకుంటే బఠాణీలు తోడవుతాయి. ఉడికించిన శనగలో, ఉలవ గుగ్గిళ్లో తినడం, లేదా వేయించిన శనగల పిండిని (ఛాతు) నీళ్లలో కలిపి ఉల్లిపాయ, నిమ్మరసంతో తాగడం ఇంకా మంచిది. ఎండు ఉలవల్లో వంద గ్రాములకు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. గుర్రాలకు పెట్టే దాణా అని ఉలవలను చిన్నచూపు చూసినవాళ్లు గుర్రం కండను చూడలేదు.

వేరుశనగలు మాత్రం గుప్పెడుతో ఆపాలి. మాంసకృత్తులు 24 శాతం దాకా ఉన్నా, నూనె దానికి రెట్టింపు.

రుబ్బురోలులో ఉన్న శాస్త్రం

బియ్యంలో లైసిన్ అనే అంశం తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో మెథియోనిన్ తక్కువ, బియ్యంలో దానికి కొదవ లేదు. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. మూడు వంతుల ధాన్యానికి ఒక వంతు పప్పు ఉంటే మేలని పోషకాహార శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు, రెండున్నర వంతుల పాలు కూడా చేరితే ఇంకా మేలన్నారు. ఇడ్లీ పిండిలో రెండు వంతుల రవ్వకు ఒక వంతు మినపపప్పు పోసే ఇల్లాలు ఆ లెక్కను దాటి ఒక అడుగు ముందే ఉంది. పెసరట్టు ఇంకా ముందుంది, అందులో పప్పుదే పెత్తనం. హోటల్లో దోసె తెల్లగా, పలుచగా, కరకరలాడుతూ వస్తే అందులో బియ్యం వాటా పెరిగిందని అర్థం.

ఖరిదా కిరాణా కొట్లో దొరికే మీల్‌మేకర్ గురించి ఒక్క మాట. ఎండు మీల్‌మేకర్ వంద గ్రాముల్లో 52 గ్రాముల మాంసకృత్తులుంటాయి, కొవ్వు నామమాత్రం. శాకాహారుల ఇళ్లలో 30 గ్రాములు నానబెట్టి కూర వండితే రెండున్నర గుడ్లకు సరిపోతుంది.

రాత్రి ఒక్కసారే కుమ్మరించకండి

ఒక ప్రయోగంలో కొందరు రోజుకు 90 గ్రాముల మాంసకృత్తులను ఒక విడతలో పూటకు 30 చొప్పున మూడు పూటలా తిన్నారు, ఇంకో విడతలో పొద్దున 10, మధ్యాహ్నం 15, రాత్రి 65 తిన్నారు. కండ కట్టుకునే వేగం మొదటి పద్ధతిలో 25 శాతం ఎక్కువగా కనిపించింది. 2014లో అమెరికాలో తేలిన ఫలితం ఇది. మన ఇళ్లలో పొద్దున ఉప్మా, మధ్యాహ్నం చారన్నం, ఆదివారం రాత్రి ఒక్కసారే కోడికూర. అదే కోడిని, అదే గుడ్డును వారమంతా పంచుకుంటే అదనంగా ఖర్చేమీ లేదు.

గుడ్డులో పచ్చసొన పారేసే అలవాటు కూడా మానాలి. బరువులు ఎత్తిన తర్వాత తెల్లసొన మాత్రమే తిన్నవాళ్ల కన్నా మొత్తం గుడ్డు తిన్నవాళ్లలో కండ నిర్మాణం ఎక్కువగా జరిగినట్టు 2017లో కనుగొన్నారు, మాంసకృత్తుల మోతాదు రెండింటిలో సమానంగా ఉంచినా సరే. గుండె జబ్బు, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు డాక్టరు మాటే మాట.

నైట్ డ్యూటీ

రైల్వే ఊళ్లో నిద్రే అన్నిటికన్నా ఖరీదైన వస్తువు. తిండి తగ్గించి బరువు దిగుతున్న పదిమందిని రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకోనిచ్చి చూశారు. 2010లో వచ్చిన పరిశోధన ఇది. రెండుసార్లూ తగ్గిన బరువు మొత్తం ఇంచుమించు ఒకటే. కానీ బాగా నిద్రపోయినప్పుడు 1.4 కిలో కొవ్వు పోతే, నిద్ర చాలనప్పుడు 0.6 కిలోనే పోయింది. మిగిలినదంతా కండ వైపు నుంచి కరిగింది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా జిమ్‌కు పరిగెత్తే తమ్ముళ్లను చూస్తే ముందు పడుకోమనే చెప్పాలనిపిస్తుంది. సాయంత్రం లేచి చేసినా బరువులు అక్కడే ఉంటాయి.

డ్యూటీ మధ్యలో టీ, బిస్కెట్ల మీద గడిపేవాళ్లు ఇంటి నుంచి ఉడికించిన గుడ్లు, శనగలు డబ్బాలో పట్టుకెళ్తే తెల్లవారుజామున పూరీల మీద పడే ఆకలి తగ్గుతుంది.

రిటైరైన పెద్దలకు, ఇంటి ఆడవాళ్లకు

కండ కుర్రాళ్ల సొత్తు కాదు. బోస్టన్‌లో వృద్ధాశ్రమంలో సగటు వయసు 87 ఏళ్లున్న వందమంది మీద ఒక ప్రయోగం చేశారు, 1994లో ప్రచురించారు. పది వారాలు కాళ్లకు బరువుల సాధన చేసినవాళ్ల బలం రెట్టింపు దాటింది. వ్యాయామం లేకుండా బలవర్ధక పానీయం మాత్రమే తాగినవాళ్లకు ప్రయోజనం కనబడలేదు. వర్క్‌షాపులో ముప్పై, నలభై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దలు కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడం రోజూ సాధన చేస్తే అదే వాళ్లకు జిమ్.

ఆడవాళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. చాలా ఇళ్లలో పెద్ద చేపముక్క, రెండో గుడ్డు మగపిల్లాడి పళ్లెంలో పడతాయి. ఆడపిల్లకు పులుసు, అడుగున మిగిలిన పప్పు. ఒలింపిక్స్‌లో మన జిల్లా పేరు నిలబెట్టింది ఆడపిల్ల అని ఆ తల్లులకు గుర్తు చేయాలి. కూతురి ఎముక, కండ గట్టిపడే వయసు కూడా కొడుకు వయసే.

భీముళ్ల వరుస

శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారిని కలియుగ భీముడన్నారు. విజయనగరంలో సాము నేర్చి, సర్కసు కంపెనీ నడిపి, గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్నారు. ఆయన శాకాహారి. కోడికూర లేనిదే కండ లేదనేవాళ్లు విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ముందు ఆగి ఆ మాట అనగలరా? విజయవాడ దండమూడి రాజగోపాలరావు గారు బరువులెత్తడంలో దేశానికి ఆడి, 1963లో 'నర్తనశాల'లో భీముడి వేషం కట్టారు. ఆ నగరంలో ఇండోర్ స్టేడియం ఆయన పేరిటే ఉంది.

డబ్బాలు

మన దేశంలో అమ్ముతున్న 36 రకాల ప్రోటీన్ పొడులను పరీక్షిస్తే 25 రకాల్లో చీటీ మీద రాసిన మాంసకృత్తులకూ లోపల ఉన్నవాటికీ పొంతన లేదని 2024లో కేరళ డాక్టర్ల పరిశోధన వెలువడింది. అదే ఏడాది మే నెలలో హైదరాబాదు పోషకాహార సంస్థ తన కొత్త ఆహార సూచనల్లో కండ కోసం ప్రోటీన్ పొడులు వాడొద్దనీ, మంచి తిండి కలయికతోనే సాధించమనీ చెప్పింది. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదని కూడా చెప్పింది.

ఇక లెక్క

మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాము మాంసకృత్తులు చాలని మన శాస్త్రవేత్తలు చెప్పారు. బరువులు ఎత్తేవాళ్లకు 1.6 గ్రాములు దాటిన తర్వాత పెద్దగా లాభం లేదని 49 ప్రయోగాలను కలిపి చూసిన 2018 సమీక్ష తేల్చింది. 60 కిలోల కుర్రాడికి ఇది 96 గ్రాములు. పొద్దున మూడు గుడ్లు, రెండు ఇడ్లీలు తింటే 22 గ్రాముల దాకా వస్తాయి. మధ్యాహ్నం వంద గ్రాముల బియ్యం వండిన అన్నం, 40 గ్రాముల కందిపప్పు, ఒక పెద్ద చేపముక్క కలిస్తే 38. సాయంత్రం గుప్పెడు శనగలు, గ్లాసుడు పాలు 16. రాత్రి రెండు పుల్కాలు, మీల్‌మేకర్ కూర, కప్పు పెరుగు 24. అంతా కలిపి వంద. ఇందులో ఖరిదా బజారులో దొరకనిది ఒక్కటీ లేదు.

అవసరం కన్నా పదో వంతు మాత్రమే ఎక్కువ తినండి. వారానికి పావు కిలో పెరిగితే చాలు, అంతకన్నా వేగంగా పెరిగేది చాలావరకు కొవ్వే. నడుము రెండు సెంటీమీటర్లు పెరిగి, ఎత్తే బరువు పెరగకపోతే నూనె, అన్నం కాస్త వెనక్కి లాగండి. పప్పు, చేప మాత్రం తగ్గించకండి. బరువులు ఎత్తని రోజుల్లో కూడా మాంసకృత్తులు అంతే ఉండాలి, అన్నం మాత్రం ఒక గరిటె తగ్గించవచ్చు.

షుగరు, మూత్రపిండాల జబ్బు, గౌటు ఉన్నవాళ్లు ఈ లెక్క మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించండి. మిగతావాళ్లు ఈ వారం సరుకుల చీటీలో బియ్యం కింద ఒక కిలో ఉలవలు, ఒక కిలో శనగలు, ఒక కొలత టేపు రాయండి.